ఐదో వార్డు, కిటికీ పక్క మంచం

నేను నర్సుని. పంతొమ్మిదేళ్ళుగా సైనిక ఆసుపత్రుల్లో పనిచేస్తున్నాను. పోయినవాళ్ళ కళ్ళు మూసి, దవడ కింద గుడ్డ కట్టి, కాలి వేలికి చీటీ తగిలించడం నా ఉద్యోగంలో ఒక భాగం. శవాల గది తాళం చెవి జేబులో పెట్టుకుని అన్నం తిన్న రోజులు చాలా ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరూ లేచి రాలేదు. నా కలలోకి కూడా రాలేదు. హాస్టల్లో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయేదాన్ని.

ఇది చదివి మీరేమనుకున్నా నాకు బాధ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

సరిహద్దులో కాల్పులు మొదలైనప్పుడు నేను ఉత్తరాన, కొండల కింద ఉన్న ఒక ఆసుపత్రిలో ఉన్నాను. వెలుతురు బయటికి పోకూడదని కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించాం. దాంతో లోపల పగలూ రాత్రీ ఒకటే అయిపోయింది. ఎప్పుడు చూసినా ట్యూబ్‌లైట్లే. గాయపడ్డవాళ్ళు లారీల్లో దిగుతుండేవారు. సెలైన్ స్టాండ్లు, దుప్పట్లు, మనుషులు, ఏవీ చాలేవి కావు.

నాకు వేసిన డ్యూటీ ఐదో వార్డులో. అది జ్వరాల వార్డు. యుద్ధంలో అందరూ తూటాలతోనే పడిపోరు. నీళ్ళు పడక, చలికి, పురుగు కుట్టి పడిపోయేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ గురించి పేపర్లో రాయరు.

ఒకరోజు సెలైన్ ఎక్కిస్తుంటే స్టాండు చక్రం ఊడి పక్కకి ఒరిగింది. "ఏటిది, ఇదీ ఇరిగిపోయిందేటి?" అని నాలో నేను గొణుక్కున్నాను. చుట్టూ హిందీ, పంజాబీ మాట్లాడేవాళ్ళే కాబట్టి ఎవరికీ అర్థం కాదనుకున్నాను. కిటికీ పక్క మంచం మీద, అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న కుర్రాడు గబుక్కున ఇటు తిరిగాడు.

"అప్పా, మీదే ఊరు?"

మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. విజయనగరం అన్నాను. అతను నవ్వబోయి ఏడ్చేశాడు. అతని కళ్ళు నిమ్మపండు రంగులో ఉన్నాయి.

అతని పేరు అప్పలరాజు, రాజు అనేవాళ్ళం. ఇరవై నాలుగేళ్ళు. ఫిరంగి దళంలో సిపాయి. భావనపాడు పక్కన, సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే మేనమామ ఇంట్లో పెరిగాడు. మేనమామ సముద్రంలో చేపల వేటకి వెళ్తాడు. ఆయన కూతురు రత్నాలు ఎండుచేపల పని చేస్తుంది. సెలవు దొరికితే ముహూర్తం పెట్టుకుందామనుకున్నారు. సెలవు మంజూరయింది కూడా. రైలెక్కడానికి రెండు రోజుల ముందు కాల్పులు మొదలై సెలవులన్నీ రద్దయ్యాయి. కొండ మీద పోస్టులో ఏ నీళ్ళు తాగాడో, పదిహేను రోజుల్లో కామెర్లు పట్టుకున్నాయి.

"బుల్లెట్ తగిల్తే ఒక లెక్క అప్పా," అనేవాడు. "ఈడు యుద్ధానికెల్లి కామెర్లతో మంచమెక్కీసినాడంటే ఊళ్ళో ఏటనుకుంటారు? రత్నాలుకి మాత్రం తెల్వనియ్యకు."

రోజూ ఒకసారి ఇంటికి ఫోన్ చేసేవాడు. పోస్టులోనే ఉన్నాను, బాగున్నాను అని చెప్పేవాడు. ఆమె వీడియోలో కనబడమంటే సిగ్నల్ లేదనేవాడు. పెట్టేశాక ఫోన్ గుండెల మీద పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయేవాడు.

ఎప్పుడూ ఇంటి మాటే. సల్దన్నంలో కాల్చిన నెత్తళ్ళ చేపలు. మొగలిపొదల వెనక రత్నాలు, అతనూ దొంగచాటుగా కూర్చునే పాత పడవ. ఆమె చేతుల దగ్గర వచ్చే ఉప్పు వాసన. "ఆ వాసన నాకిక్కడ వస్తన్నాది అప్పా, డెట్టాల్ మీదంట వస్తన్నాది," అనేవాడు. పసరు మందు తాగితే మూడు రోజుల్లో తగ్గిపోద్దని, ఒక్కసారి ఇంటికి పంపెయ్యమని డాక్టర్‌ని కూడా బతిమాలాడు.

ఐదోరోజుకి జబ్బు ముదిరింది. కాలేయం పూర్తిగా చెడిపోతే ఆ విషం మెదడుకి ఎక్కుతుంది. మనిషి మత్తుగా, తికమకగా అయిపోతాడు. పెద్దాసుపత్రికి విమానంలో పంపాలన్నారు డాక్టర్. కానీ విమానాలు తిరగడం లేదు, రోడ్డు మీద ముందు గాయపడ్డవాళ్ళు వెళ్ళాలి. అది ఎవరి తప్పూ కాదు. అయినా ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

అలాంటి రోగిని రెండేసి గంటలకోసారి లేపి కొన్ని ప్రశ్నలు అడుగుతాం. పేరేంటి, ఈరోజు ఏ వారం, ఇప్పుడెక్కడున్నావు. జవాబు సరిగా చెప్తున్నంతసేపూ కొంత నయం. మొదటిరోజు రాజు టకటకా చెప్పేశాడు. "ఐదో వార్డు, కిటికీ పక్క మంచం." మర్నాడు పొద్దున్న కాస్త ఆలోచించి అదే చెప్పాడు. సాయంత్రం అడిగితే, "రైల్లో ఉన్నానప్పా," అన్నాడు.

నేను కేసు షీటులో 'స్థలం తెలియడం లేదు' అని రాశాను.

తర్వాత అడిగితే పలాసలో దిగానన్నాడు. ఆ తర్వాత టెక్కలి కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడ్డానన్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. అడిగిన ప్రతిసారీ ఇంటికి ఇంకొంచెం దగ్గరయ్యేవాడు. ఆ క్రమం చూసి నాకు ఆశ్చర్యమేసింది కానీ భయం వెయ్యలేదు. మత్తులో మనుషులు ఎన్నో అంటారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం రెండు లారీలు ఒక్కసారే వచ్చాయి. స్టాండ్లన్నీ పట్టుకుపోయారు. రాజు గ్లూకోజు సీసాని నేనే కుడిచేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. ఎడమ చెయ్యి అతని చేతిలో ఉంది. అప్పుడు కూడా అలవాటుగా అడిగాను, రాజూ, ఇప్పుడెక్కడున్నావని.

"ఉప్పు మళ్ళ కాడ దిగినాను. ఎండ కళ్ళల్లో కొడతాంది. దారి కనబళ్ళేదు." వేళ్ళు బిగించాడు. "ఒక్కడ్నే ఎల్లలేను. నువ్వూ రా అప్పా."

నర్సు అలాంటప్పుడు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు నాయనా అని మెల్లగా గుర్తుచెయ్యాలి. మాకు నేర్పింది అదే. నేను ఆ పని చెయ్యలేదు. "పద, వస్తన్నాను," అన్నాను.

అతను దారి చెప్పాడు. ఉప్పు మళ్ళ మధ్య గట్టు. కాలవ మీద సిమెంటు పలకల వంతెన, అందులో ఒక పలక విరిగి ఉంటుంది, చూసి అడుగెయ్యమన్నాడు. మూలన కిరాణా కొట్టు. మొగలిపొదలు. వలలు ఆరేసిన చోటు. చేపలు ఎండబెట్టే దిమ్మ. రెండో సందులో ఆకుపచ్చ తలుపు. నేను ఊఁ కొడుతూ వెంట నడిచినట్టే ఉన్నాను.

"అదిగో రత్నాలు. ఇంటి ముందర సేపలు తిరగేస్తన్నాది," అన్నాడు. మొహం విప్పారింది. "సూసింది. నీకు నీళ్ళు తెస్తాది, తాగెల్లు."

ఆ తర్వాత మాట్లాడలేదు. కేసు షీటులో నేను రాసిన టైము మూడు గంటల పది నిమిషాలు.

నాలుగు నెలలకి కాల్పులు ఆగి, సెలవు దొరికింది. విజయనగరంలో తమ్ముడి ఇంట్లో వారం రోజులు ఉన్నాను. తిన్నా, పడుకున్నా రాజే గుర్తొస్తున్నాడు. అతను చనిపోయినప్పుడు పక్కన తెలుగు మాట్లాడే మనిషి ఒకరున్నారని ఆ ఇంట్లోవాళ్ళకి చెబితే కొంచెం ఊరటగా ఉంటుందనిపించింది. ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. టెక్కలిలో బస్సు మారి, పన్నెండున్నరకి ఉప్పు మళ్ళ దగ్గర దిగాను.

దారి ఎవర్నీ అడగలేదు. అతను చెప్పిందంతా గుర్తుంది. గట్టు ఉంది. వంతెన ఉంది. విరిగిన పలక కూడా ఉంది. కిరాణా కొట్టు మాత్రం మూసేసి, తలుపులకి మేకులు కొట్టి ఉంది. ఇవన్నీ అతను చెప్పినవే కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

ఆకుపచ్చ తలుపు ముందు ఒక సన్నటి అమ్మాయి గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నేనింకా నోరు తెరవలేదు. మామూలు చీరలో ఉన్నాను. చేతిలో ఒక సంచి, అంతే.

"మళ్ళీ వచ్చినావేటప్పా," అంది. నా కుడిచేతి వైపు చూసింది. "సీసా తేనేదేటి?"

నేను గోడ పట్టుకున్నాను.

లోపల్నుంచి వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఏటనుకోకండి. బావ పోయినకాడ్నుంచీ దీని బుర్ర బాగునేదు," అంటూ నన్ను లోపలికి తీసుకెళ్ళి చాప వేసింది. నేను ఎవరో చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. పెట్టె వచ్చిందట, జెండా కప్పి. ఆఫీసర్లు వచ్చారట. పెట్టె తెరవకూడదన్నారట. ఏదో జబ్బని అన్నారు తప్ప ఏం జబ్బో వాళ్ళకి తెలియదు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, మడిచి దేవుడి పటం వెనక పెట్టారు. సరుగుడు తోపు పక్కన పూడ్చారు.

రత్నాలు గుమ్మం వదిలి రాలేదు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నన్నెప్పుడు చూశావమ్మా అని అడిగాను.

ఆమె తడుముకోకుండా చెప్పింది. నాలుగు నెలల కిందట, మధ్యాహ్నం, మూడు గంటల బస్సు హారన్ కొట్టి వెళ్ళాక, ఇంటి ముందు చేపలు తిరగేస్తోందట. తలెత్తితే సందు మొదట్లో బావ కనిపించాడట. వెనకాల తెల్లబట్టల్లో ఒక మనిషి, చెయ్యి పైకెత్తి సీసా పట్టుకుని.

"నీ ఎడంసేతి బొటనేలికి కట్టున్నాది," అంది. "నీకు గలాసుడు నీళ్ళు తెచ్చినాను. నువ్వు తీసుకోనేదు. తిరిగి సూస్తే నేవు. బావ మాత్రం ఉండిపోనాడు."

ఆ రోజు పొద్దున్న మందు సీసా మెడ విరుస్తుంటే నా బొటనవేలు తెగింది. నేనే దూది పెట్టి కట్టుకున్నాను. ఎవరికీ చెప్పేంత దెబ్బ కాదది. రాజు చూశాడేమో తెలియదు. చూసినా, ఆ తర్వాత అతను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

అతను చనిపోయిన కబురు వాళ్ళకి తెలిసింది మర్నాడు పొద్దున్న.

"రోజూ వస్తాడు," అంది రత్నాలు. "మూడయితే ఇదిగో, ఇక్కడ నిలబడతాడు. లోపలికి రాడు. మాటాడ్డు. నాను మొదట సంతోషపడ్డాను అప్పా. రానీ అనుకున్నాను. కానీ ఆ కళ్ళు సూడు, పసుపు రాసినట్టుంటాయి. రోజురోజుకీ ఎక్కువైపోతన్నాయి. కాళ్ళు వాసిపోనాయి. పొట్ట ఉబ్బిపోనాది. సచ్చిపోతే జబ్బు తగ్గాల కదా? ఈయనకి తగ్గతల్లేదు."

 ఆ జబ్బు ముదిరితే కాళ్ళు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. రాజు అంతదాకా బతకలేదు. బతికుంటే అలాగే అయ్యేవాడు.

ఆమె నా వైపు తిరిగింది. కళ్ళ కింద నల్లగా ఉంది, తిండి తిని ఎన్నాళ్ళయిందో.

"నువ్వే కదా తెచ్చినావు. నువ్వే తీస్కెల్లిపో. ఆ బాధ నాను సూళ్ళేను."

లేచి వచ్చేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే సంచి చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే ఊరి బయట బస్సు హారన్ వినిపించింది. రత్నాలు గుమ్మానికి ఎదురుగా సర్దుకుని కూర్చుంది.

"వచ్చినాడు," అంది.

నాకేమీ కనబడలేదు. ఎండ, ఇసుక, ఎదురింటి గోడ మీద ఆరేసిన వల. చల్లగాలీ తగల్లేదు, వాసనా రాలేదు. నాకు ఏదో కనిపించిందని రాస్తే అది అబద్ధమవుతుంది. ఆ పిల్ల చూపు మాత్రం ఖాళీ చోటు మీద ఉన్నట్టు లేదు. ఎదుట నిలబడ్డ మనిషి మొహాన్ని చూస్తున్నట్టే ఉంది.

ఎందుకడిగానో తెలియదు. అలవాటే అయ్యుండాలి.

"రాజూ, ఇప్పుడెక్కడున్నావు?"

రత్నాలు ఉలిక్కిపడింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన పెదవులు కదిలాయంది. చెవి ఒగ్గి విని, అర్థం కాని మాటని ఒప్పచెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఐదో వార్డు. కిటికీ పక్క మంచం. అలగంటన్నాడు. అదేటప్పా?"

అతను ఫోన్‌లో ఆమెకి ఆసుపత్రి మాటే ఎత్తలేదు. నేనూ ఆ వేళ వార్డు అన్నాను తప్ప ఎన్నోదో, మంచం ఎక్కడో చెప్పలేదు. ఇది తర్వాత ఎన్నోసార్లు నెమరువేసుకున్నాను.

ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. అక్కడ మంచం మీదున్నప్పుడు ఇంట్లో ఉన్నాననుకున్నాడు. ఇక్కడ ఇంటి ముందర నిలబడి, ఇంకా ఆ మంచం మీదే ఉన్నాననుకుంటున్నాడు. నల్ల కాగితం అంటించిన ఆ కిటికీ పక్కనే. ఇల్లు చేరాడని నేను నాలుగు నెలలుగా సర్దిచెప్పుకుంటున్నాను. చేరనే లేదు.

సంచి గుమ్మం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. వాళ్ళమ్మ భయంగా చూస్తోంది. కుడిచెయ్యి పైకెత్తాను, సీసా పట్టుకున్నట్టు. నలుగురూ చూస్తే నవ్వుతారని తెలుసు.

"లే రాజూ," అన్నాను. "డిశ్చార్జి రాసీసినారు. పద ఎల్దాం."

సందులోంచి నడిచాను. వలలు దాటి, సరుగుడు తోపు పక్కనుంచి, ఇసుకలోకి. ఎవరో నా వెనక వస్తున్నారని అనిపించలేదు. నా అడుగుల చప్పుడే వినబడింది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. ఇదీ మీ మావ పడవ, ఇదీ సముద్రం, నీకు జ్వరం లేదు, కామెర్లు లేవు, కళ్ళు తెల్లగా ఉన్నాయి అని. నాలో నేనే మాట్లాడుకుంటున్న ఆడదాన్ని ఒడ్డున వల బాగుచేసుకునే ముసలాయన వింతగా చూశాడు. నీళ్ళు పాదాలకి తగిలేదాకా వెళ్ళాను. చెయ్యి లాగేస్తోంది. ఇంకెంతసేపు పట్టుకోవాలో ఎవరూ చెప్పరు కదా. దించేశాను.

తిరిగి ఆ ఇంటికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. సంచి అక్కడే ఉండిపోయింది. అటునుంచి అటే రోడ్డెక్కి బస్సు పట్టుకున్నాను. దారంతా వెనక సీటు వైపు చూడలేదు.

మూడు వారాల తర్వాత రత్నాలు ఫోన్ చేసింది. సంచిలో ఉన్న డైరీలో నా నంబరు దొరికిందట. ఆ రోజు తర్వాత బావ రాలేదంది. అన్నం తింటున్నానంది, దిమ్మ దగ్గరికి పనికి వెళ్తున్నానంది. గొంతులో కాస్త జీవం ఉంది. నాకు ఏడుపొచ్చింది. మంచిదమ్మా అని పెట్టెయ్యబోతుంటే, ఆగమంది.

"అప్పా, నాను పొమ్మన్నానని ఆయనకి కోపమొచ్చుంటాదేటి?"

రాదమ్మా అన్నాను.

"మూడయితే ఇప్పటికీ గుమ్మంలోనే కూసుంటన్నాను. ఏటీ నేదు. ఇసకే. జబ్బుతోటున్నా గానీ, రోజూ కనబడీవోడు." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు మళ్ళీ తేగలవేటి? ఒక్కసారి."

అలాంటివి ఉండవమ్మా అని చెప్పాలి. ఎవరైనా అదే చెప్తారు. కానీ తేగలనో లేనో నాకు నిజంగా తెలియదు. తెలియదమ్మా అన్నాను. ఆమె సరే అని ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచీ నెలకోసారి చేస్తుంది, అదే అడుగుతుంది, నేను అదే చెప్తాను.